ఎక్సెల్ షీటు మీద మొదటి సంతకం తయారు చేసిన మనిషిదే కావాలి

మూడేళ్ల క్రితం మా బిల్లింగ్ విభాగంలో జరిగిన ఒక సంగతి చెప్పకుండా ఈ విషయం మొదలుపెట్టలేను. ఒక భవన నిర్మాణానికి సంబంధించిన ఏడో రన్నింగ్ బిల్లు, అంటే పని సాగుతుండగా దశలవారీగా పెట్టే బిల్లు, అది. దానికి ఆధారం ఒక ఎక్సెల్ షీటు. స్లాబులకూ బీములకూ వాడిన ఇనుము లెక్క, అంటే సైటులో అందరూ బీబీఎస్ అని పిలిచే బార్ బెండింగ్ షెడ్యూలు, అందులో ఉంది. కడ్డీ బరువు ఎలా కట్టాలని సైటులో ఎవరినడిగినా ఒకే సూత్రం చెబుతారు: మిల్లీమీటర్లలో ఉన్న వ్యాసాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. ఆ లెక్కన 16 ఎంఎం కడ్డీ మీటరుకు 1.58 కిలోలు, 20 ఎంఎం కడ్డీ 2.469 కిలోలు తూగుతుంది. మా షీటులో 3,000 మీటర్ల పొడవు చూపిన ఒక వరుసలో, వ్యాసం గడిలో 16 ఉండవలసిన చోట 20 ఉంది. ఆ ఒక్క అంకె వల్ల 4,741 కిలోల ఇనుము 7,407 కిలోలైంది. సైటులో ఎక్కడా లేని రెండున్నర టన్నులకు పైబడిన ఇనుము బిల్లులోకి ఎక్కింది.

తప్పును క్లయింటు తరఫు ఇంజనీరు పట్టుకున్నారు. డబ్బు చేతులు మారకముందే బయటపడింది కాబట్టి నష్టమేమీ జరగలేదని అందరూ అనుకున్నారు. నష్టం జరగలేదన్న మాట నిజం కాదు. ఆ ఫైలు నాలుగు చేతులు మారింది. తయారు చేసినది ఉద్యోగంలో చేరి ఏడాది కూడా నిండని ఒక కుర్రాడు. సరిచూసినది నేను. ఆమోదించినది ప్రాజెక్టు మేనేజరు. క్లయింటుకు పంపినది అకౌంట్స్ విభాగం. షీటు అడుగున మేనేజరు గారి సంతకం ఉంది, కానీ అది కాగితం మీద నీలి సిరాతో చేసిన సంతకాన్ని స్కాన్ చేసి బొమ్మగా అతికించినది. పైన గడులలో ఏ అంకె మారినా ఆ బొమ్మ మాత్రం అలాగే ఉంటుంది. "నేను ఫోల్డర్లో పెట్టినప్పుడు పదహారే ఉందండీ" అని ఆ కుర్రాడు చెప్పాడు. అతని కంప్యూటరులో ఉన్న నకలులో 16 ఉన్న మాట వాస్తవమే. తప్పు బయటపడ్డాక దిద్దుకుని ఉండవచ్చు కదా అన్నారు. నేను సరిచూసినప్పుడు ఆ గడిలో ఏముందో ప్రమాణం చేసి చెప్పగలరా అని నన్ను అడిగారు. చెప్పలేకపోయాను. నాలుగు వందల వరుసల షీటులో ఒక గడిని నెల తర్వాత గుర్తు పెట్టుకుని చెప్పగలిగినవారు ఎవరూ ఉండరు. అతన్ని ఎవరూ దోషి అని ప్రకటించలేదు, నిర్దోషి అని కూడా ప్రకటించలేదు. రెండు నెలల తర్వాత అతనే రాజీనామా ఇచ్చి వెళ్లిపోయాడు.

అప్పటి నుంచి నేను ఒక అభిప్రాయానికి వచ్చాను, దాన్ని మా సంస్థలోనూ బయటా వాదిస్తూనే ఉన్నాను. డిజిటల్ సంతకాన్ని మనం పై అధికారి ఆమోదానికి గుర్తుగా మాత్రమే చూస్తున్నాం. దాని అవసరం అందరికంటే ఎక్కువ ఉన్నది షీటును తయారు చేసే చిన్న ఉద్యోగికి. అతను తన చేతి నుంచి ఫైలును వదిలే క్షణంలో, ఆ ఎక్సెల్ ఫైలు మీదనే, పీడీఎఫ్ మీద కాదు, తన సొంత సంతకం పెట్టగలగాలి. అతని సంతకం పడిన తర్వాతే మిగతావి పడాలి.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. ఇంజనీరింగ్ శాఖలతో పని ఉన్నవారికి ఎం-బుక్, అంటే జరిగిన పని కొలతలు రాసే పుస్తకం, తెలుసు. మెజర్‌మెంట్ బుక్కులో పేజీలకు ముందే నంబర్లు వేసి ఉంటాయి, ఏ పేజీనీ చించకూడదు. రాసిన అంకెను చెరపకూడదు. తప్పు రాస్తే దాని మీద గీత కొట్టి, పక్కన సరైన అంకె వేసి, అక్కడే పొట్టి సంతకమూ తేదీ వేయాలి. కొలత తీసిన సెక్షన్ ఆఫీసరు సంతకం ముందుంటుంది, చెక్ మెజర్‌మెంట్ చేసిన పై అధికారి సంతకం తర్వాత వస్తుంది. ఆ పుస్తకం చూస్తే ఎవరు ఏ అంకె వేశారో, ఎవరు దిద్దారో, ఏ రోజు దిద్దారో పదేళ్ల తర్వాత కూడా తెలుస్తుంది. చెరపడానికి వీల్లేని ఆ పుస్తకం నుంచి, చెరిపిన గుర్తు కూడా మిగలని ఎక్సెల్ గడిలోకి మనం వచ్చాం. వేగం పెరిగింది, కూడికలు తప్పడం తగ్గింది. కానీ పాత పద్ధతిలో కింది ఉద్యోగికి ఉన్న రక్షణను వెంట తెచ్చుకోవడం మరిచిపోయాం. తెలుగులో సంతకానికి చేవ్రాలు అన్న మంచి మాట ఉంది, చేతి రాత అని దాని అర్థం. అతికించిన బొమ్మలో చెయ్యీ లేదు, రాతా లేదు.

డిజిటల్ సంతకం ఏం చేస్తుందో కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీని చుట్టూ ఉన్న అపోహలన్నీ అక్కడి నుంచే పుడుతున్నాయి. ఫైలులోని విషయాన్ని ఒక గణిత ప్రక్రియ గుండా పంపితే దానికి మాత్రమే చెందిన ఒక ముద్ర వస్తుంది, దాన్ని హ్యాష్ అంటారు. ఇప్పుడు ఎక్కువగా వాడే ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో ఆ ముద్ర ఎప్పుడూ 256 బిట్లే ఉంటుంది. ఫైలు చిన్నదైనా పెద్దదైనా ముద్ర పొడవు మారదు. కానీ 16ను 20 చేస్తే చాలు, ముద్ర పోలిక లేకుండా మారిపోతుంది. సంతకం చేసే మనిషి దగ్గర ఉండే రహస్య కీతో ఆ ముద్ర మీద సంతకం పడుతుంది, దానికి జంటగా ఉండే బహిరంగ కీతో ఎవరైనా దాన్ని సరిచూడవచ్చు. మన దేశంలో ఆ రహస్య కీని యూఎస్‌బీ టోకెన్‌లో ఉంచి ఇస్తారు. అది టోకెన్ దాటి బయటకు రాదు, పిన్ నంబరు కొడితేనే పని చేస్తుంది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం, ఆ ఏడాది అక్టోబరు 17న అమల్లోకి వచ్చినది, తన మూడో సెక్షనులో ఈ జంట కీల పద్ధతినీ హ్యాష్‌నూ పేరు పెట్టి మరీ గుర్తించింది. కంట్రోలర్ ఆఫ్ సర్టిఫైయింగ్ అథారిటీస్ అనే ప్రభుత్వ అధికారి లైసెన్సు ఇచ్చిన సంస్థలే, ఆ కీ ఎవరిదో ధ్రువీకరించే సర్టిఫికెట్లను జారీ చేస్తాయి.

సంతకం చేసినంత మాత్రాన ఫైలు రహస్యమైపోదు, ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. ఎవరూ మార్చలేరన్న మాట కూడా తప్పే. సంతకమైన వర్క్‌బుక్కును తెరిస్తే ఎక్సెల్ దాన్ని ఫైనల్ అని చూపిస్తుంది, 'ఎడిట్ ఎనీవే' నొక్కితే సంతకం పోతుందని హెచ్చరిస్తుంది, కాదనకుండా ముందుకు వెళితే సంతకాన్ని తీసేసి మార్చనిస్తుంది. మార్పును ఆపడం సంతకం పని కాదు. మార్పు జరిగాక కూడా పాత పేరు ఆ ఫైలు మీద నిలబడి ఉండకుండా చూడటమే దాని పని. నా ఏడో బిల్లులో ఆ కుర్రాడి సంతకం ఉండి ఉంటే, తర్వాతి చేతుల్లో 16 కాస్తా 20 అయిన క్షణంలోనే అతని పేరు ఫైలు నుంచి తొలగిపోయేది. లేదా అతని సంతకంతోనే 20 ఉన్న ఫైలు దొరికి, తప్పు తనదేనని అతనికి కూడా తెలిసేది. రెండింటిలో ఏది జరిగినా అనుమానం అన్నది మిగిలేది కాదు.

చాలా కార్యాలయాల్లో షీటుకు పాస్‌వర్డు పెట్టి, దాన్నే భద్రత అనుకుంటారు. షీట్ ప్రొటెక్షన్ అన్నది పొరపాటున చేయి తగిలి సూత్రం చెడిపోకుండా ఉండేందుకు వేసిన కంచె మాత్రమే, దాన్ని భద్రతా సాధనంగా భావించవద్దని మైక్రోసాఫ్టే చెబుతుంది. 2007 నుంచి మనం వాడుతున్న ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫైలు నిజానికి ఒక జిప్ సంచి. నకలు ఒకటి తీసి దాని పేరు చివర జిప్ అని మార్చి తెరిస్తే లోపల ప్రతి షీటుకూ ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైలు కనిపిస్తుంది. ఆ కంచె అందులో ఒక వాక్యం మాత్రమే, దాన్ని చెరిపేస్తే కంచె పోతుంది. సంతకం చేసిన ఫైలును అలాగే తెరిస్తే సంతకాల కోసం విడిగా ఒక ఫోల్డరు కనిపిస్తుంది, ఏయే భాగానికి ఏ ముద్ర అన్న పట్టిక అందులో ఉంటుంది. నేను మా విభాగంలో కొత్తగా చేరినవారికి ఈ రెండింటినీ ఒకసారి తెరిచి చూపిస్తాను. చూసినవారెవరూ ఆ తర్వాత పాస్‌వర్డును సంతకంతో సమానం చేసి మాట్లాడలేదు.

నాకు ఎక్కువగా ఎదురయ్యే అభ్యంతరం పీడీఎఫ్ గురించి. షీటును పీడీఎఫ్ చేసి దాని మీద సంతకం పెడితే సరిపోదా, ఆదాయపు పన్నుకూ, కంపెనీల రిజిస్ట్రారుకూ, అందరికీ అలవాటైన పద్ధతి అదే కదా అంటారు. ఉత్తరానికి, ఆర్డరుకు, ఇన్వాయిసుకు పీడీఎఫ్ చాలు. లెక్కకు చాలదు. పీడీఎఫ్‌లో కనిపించేది లెక్క ఫలితం, లెక్క కాదు. మొత్తాన్ని చూపే గడి వెనుక ఉన్న సూత్రం ఏ వరుస నుంచి ఏ వరుస వరకు కూడిందో పీడీఎఫ్ చెప్పదు. తప్పుడు కూడిక మీద పడిన సంతకం కూడా సాంకేతికంగా చెల్లుబాటయ్యే సంతకమే. అక్కడ పచ్చటి టిక్కు కనిపించగానే చదివేవారు లెక్క కూడా సరిచూసినట్టే భావిస్తారు.

ఇందుకు ప్రపంచమంతా ఎరిగిన ఉదాహరణ ఉంది. కార్మెన్ రైన్‌హార్ట్, కెనెత్ రోగాఫ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2010లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. ప్రభుత్వ రుణం జీడీపీలో 90 శాతం దాటిన దేశాలలో సగటు వృద్ధి బాగా పడిపోతుందని దాని సారాంశం. ప్రభుత్వ ఖర్చు తగ్గించాలనే వాదనకు చాలా దేశాలలో దాన్ని ఆధారంగా చూపారు. ఆ ఫలితాలను తిరిగి కట్టి చూడాలని ప్రయత్నించిన థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి, ఆమ్‌హర్స్ట్‌లోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో చదువుతున్నవాడు, ఎంతకూ లెక్క కుదరక రచయితలనే అడిగాడు. వారు తమ అసలు ఎక్సెల్ ఫైలును పంపారు. సగటు కట్టిన సూత్రం 30వ వరుస నుంచి 49వ వరుస దాకా వెళ్లవలసింది 44 దగ్గరే ఆగిపోయిందనీ, దాంతో ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్క్ లెక్కలోంచి జారిపోయాయనీ అప్పుడు తెలిసింది. ఆ పత్రం మీద వచ్చిన విమర్శ ఈ ఒక్క తప్పుకే పరిమితం కాదు. తీసుకున్న సంవత్సరాలు, దేశాలకు ఇచ్చిన తూకం కూడా అందులో భాగమే. కానీ నా విషయానికి ముఖ్యమైనది వేరే ఉంది. మూడేళ్ల పాటు అచ్చు కాగితాన్ని ఎందరో చదివినా కనిపించని సూత్రం, పనిచేసే ఫైలు ఒక విద్యార్థి చేతిలో పడగానే కనిపించింది. అడిగితే ఆ ఫైలును పంపిన రచయితల పట్ల నాకు గౌరవమే ఉంది. మన కార్యాలయాల్లో అసలు ఎక్సెల్ ఇవ్వమంటే పీడీఎఫ్ ఇచ్చేది సాధారణంగా మార్చేస్తారన్న భయంతో. సంతకం ఉన్న ఎక్సెల్ ఇస్తే ఆ భయం ఉండదు, ఎదుటివారు సూత్రాలు చూడవచ్చు, మారిస్తే మన పేరు దాని మీద ఉండదు.

ఇంతవరకు చెప్పినది విని ఎక్సెల్ మీద సంతకం పెడితే అన్నీ సర్దుకుంటాయని అనుకోకూడదు. ఇక్కడ నేను చాలా జాగ్రత్తగా మాట్లాడాలి, ఎందుకంటే ఎక్సెల్ ఫైలు కాగితంలాంటిది కాదు, తెరిచిన ప్రతిసారీ తనను తాను కొంత తిరిగి లెక్కించుకునే వస్తువు. సంతకం పడేది డిస్కు మీద భద్రమైన ఫైలు మీద. తెర మీద కనిపించే అంకె మీద కాదు. మొబిలైజేషన్ అడ్వాన్సు, అంటే పని మొదలుపెట్టడానికి కాంట్రాక్టరుకు ముందుగా ఇచ్చే డబ్బు, మీద వడ్డీ కట్టే షీటు ఒకటి మా దగ్గర ఉండేది. అందులో రోజుల సంఖ్యకు టుడే అనే ఫంక్షన్ వాడారు, అంటే ఫైలు ఏ రోజు తెరిస్తే ఆ రోజు తేదీ దానంతట అదే వచ్చి చేరుతుంది. నెలాఖరున సంతకం చేసిన ఆ ఫైలును పది రోజుల తర్వాత తెరిస్తే పది రోజుల అదనపు వడ్డీతో మొత్తం కనిపిస్తుంది, సంతకం మాత్రం చెల్లుతుందనే చూపిస్తుంది. సంతకం అబద్ధం చెప్పలేదు, ఎందుకంటే సూత్రం మారలేదు. కానీ సంతకం చేసిన మనిషి చూసిన అంకె అది కాదు. వేరే వర్క్‌బుక్కు నుంచి లింకు ద్వారా రేట్లు తెచ్చుకునే షీటుదీ ఇదే కథ. అవతలి ఫైలులో సిమెంటు రేటు మారితే, లింకులు అప్‌డేట్ చేయనిచ్చిన క్షణంలో ఇవతలి మొత్తాలు మారతాయి.

అందుకే మా దగ్గర సంతకానికి ముందు చేసే పని సంతకం కంటే ఎక్కువ సమయం తీసుకుంటుంది, అలా తీసుకోవడమే సరైనదని నేను నమ్ముతున్నాను. టుడే, నౌ వంటివి ఉన్న చోట తేదీని అంకెగా టైపు చేస్తాం. బయటి లింకులను తెంపి విలువలుగా మారుస్తాం, కానీ లోపలి సూత్రాలను మాత్రం ముట్టుకోం, అవే కదా చూపించవలసినవి. దాచిన వరుసలు, నిలువు వరుసలు, దాచిన షీట్లు ఉన్నాయేమో డాక్యుమెంట్ ఇన్‌స్పెక్టరుతో వెతుకుతాం. కనిపించని నిలువు వరుస మీద కూడా మన సంతకం పడుతుందన్న సంగతి చాలామందికి తట్టదు. మాక్రోలు, అంటే ఫైలులోపలే ఉండే చిన్న ప్రోగ్రాములు, ఉన్న ఫైలైతే ఆ కోడుకు విడిగా వేరే సంతకం ఉంటుంది. దాని జోలికి పోకుండా, బిల్లు షీట్లలో మాక్రోలే వద్దని మేం నిర్ణయించుకున్నాం.

సంతకాల వరుస విషయంలో మొదట్లో మేం తప్పు చేశాం. ఇన్సర్ట్ మెనూలో ఉండే సిగ్నేచర్ లైన్‌ను తయారు చేసినవారికి ఒకటి పెట్టి, అతను సంతకం చేశాక, సరిచూసేవారి కోసం రెండోది చేర్చబోయాం. కొత్త గీత చేర్చడమూ ఫైలును మార్చడమే కాబట్టి మొదటి సంతకం పోయింది. తయారు చేసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు అన్న మూడు గీతలనూ ఖాళీగా ముందే పెట్టి, ఆ తర్వాత ఒక్కొక్కరూ తమ గీత మీద సంతకం చేయాలి. అలా చేస్తే రెండో సంతకం మొదటిదాన్ని చెడగొట్టదు. సంతకం చేసేటప్పుడు ఎందుకు చేస్తున్నామో రాసే ఒక చిన్న పెట్టె వస్తుంది, దాన్ని అందరూ ఖాళీగా వదిలేస్తారు. మేం వదలం. 'నాలుగో అంతస్తు స్లాబు వరకు కొలతలు సైటులో తీసినవి' అని తయారు చేసినవారు రాస్తారు, 'సూత్రాలు, కూడికల పరిధి చూశాను, సైటు కొలతలు చూడలేదు' అని నేను రాస్తాను. ఎవరు ఎంతవరకు బాధ్యులో అంతవరకే చెప్పే అవకాశం కాగితం మీది సంతకంలో ఉండేది కాదు. సంతకంలో నమోదయ్యే సమయం మామూలుగా ఆ కంప్యూటరు గడియారం చూపేదే కాబట్టి, అదే రోజు ఫైలును మెయిలులో కూడా పంపుతాం, బయటి తేదీ ఒకటి తోడుంటుంది.

లిబ్రెఆఫీస్ వాడేవారికి కూడా ఈ సౌకర్యం ఉంది, ఫైల్ మెనూలో డిజిటల్ సిగ్నేచర్స్ అని కనిపిస్తుంది. గూగుల్ షీట్స్‌లో పరిస్థితి వేరు. అది నలుగురు ఒకేసారి రాసుకునే చోటు, టోకెన్‌తో ఇలా సంతకం చేసే ఏర్పాటు అందులో లేదు. సంతకమైన ఎక్సెల్ ఫైలును గూగుల్ షీట్‌గా మార్చి తిరిగి దించుకుంటే వచ్చేది కొత్త ఫైలు, పాత సంతకం దానితో రాదు. దానికి నేను గూగుల్‌ను తప్పుపట్టను. రోజూ మారే షీటుకు సంతకం అక్కర్లేదు, అక్కడ వెర్షన్ హిస్టరీ చాలు. షీటు ఒక చేతి నుంచి మరో చేతికి లెక్కగా వెళ్లే రోజున, దాన్ని ఎక్సెల్‌గా దించి, సంతకం చేసి పంపితే సరిపోతుంది. ప్రతి షీటుకూ సంతకం పెట్టుకుంటూ కూర్చుంటే పనెప్పుడు చేస్తామని అడిగేవారికి నా జవాబు కూడా ఇదే. మా విభాగంలో నెలకు వందల షీట్లు తయారవుతాయి, డబ్బు కదిలించేవి పదో పన్నెండో ఉంటాయి.

ఇక అన్నిటికంటే నన్ను బాధపెట్టే విషయానికి వస్తాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ-ప్రొక్యూర్‌మెంట్, అంటే ఆన్‌లైన్‌లో టెండర్లు వేసే పద్ధతి, 2003లో మొదలైంది. అప్పటి నుంచి మన కాంట్రాక్టర్లకు డిజిటల్ సంతకం కొత్త కాదు. టెండరు వేయాలంటే టోకెన్ ఉండాలి. కేంద్ర ప్రభుత్వ టెండర్ల పోర్టల్‌లో ధరల పట్టికను ఎక్సెల్ ఫైలుగానే ఇస్తారు, దాని పేరు కూడా మార్చకుండా నింపి ఎక్కించాలి. ఇంత అలవాటు ఉన్నచోట టోకెన్ ఎవరి దగ్గర ఉంటోంది? డైరెక్టరు పేరు మీద తీసిన టోకెన్ కంప్యూటరు ఆపరేటరు సొరుగులో ఉంటుంది. ఆడిటరు గారి కార్యాలయంలో పదుల కంపెనీల టోకెన్లు ఒక డబ్బాలో ఉంటాయి, ఒక్కోదానికి తెల్ల స్టిక్కరు, స్టిక్కరు మీద యజమాని పేరు, పేరు కింద పిన్ నంబరు. ఈ దృశ్యం చూడని అకౌంటెంటు మన వైపు ఉంటారని నేను అనుకోను. రహస్య కీ తన అదుపులోంచి పోకుండా తగినంత జాగ్రత్త పడవలసింది సర్టిఫికెట్ తీసుకున్నవారేనని సమాచార సాంకేతిక చట్టంలోని 42వ సెక్షన్ చెబుతుంది. అదుపు తప్పితే ఆలస్యం చేయకుండా జారీ చేసిన సంస్థకు తెలపాలని కూడా అదే సెక్షన్ అంటుంది. ఇంకొకరి ఎలక్ట్రానిక్ సంతకాన్ని మోసంతోనో దురుద్దేశంతోనో వాడితే 66సి సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. టోకెన్ ఇచ్చిన యజమానికి తాను ఖాళీ చెక్కుల పుస్తకం మీద సంతకాలు చేసి ఇచ్చానని తెలియదు. పుచ్చుకున్న ఆపరేటరుకు, ఏదైనా తేడా వస్తే మొదట వేలు చూపేది తనవైపేనని తెలియదు. నా ఏడో బిల్లు కుర్రాడి స్థితే అతనిదీ. కీ చేతిలో ఉంది, పేరు మాత్రం వేరేవారిది, తాను ఏం చేశాడో ఏం చేయలేదో రుజువు చేసుకునే దారి లేదు.

టోకెన్లు డైరెక్టర్లకే కొంటారు, జూనియరు ఇంజనీరుకు ఎవరూ కొనరు. ఒక్కొక్కరికీ టోకెన్ ఖర్చు దండగ అంటారు. కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేరులో ప్రతి మార్పూ ఎవరు ఎప్పుడు చేశారో నమోదయ్యే ఆడిట్ ట్రెయిల్ ఉండాలని 2023 ఏప్రిల్ 1 నుంచి నిబంధన వచ్చింది. కానీ ఆ సాఫ్ట్‌వేరులో ఎక్కే ఒక్క ఎంట్రీ వెనుక పది ఎక్సెల్ షీట్లు ఉంటాయి, వాటికి ఏ ట్రెయిలూ లేదు. తలుపుకు తాళం వేసి గోడ కట్టడం మానేసినట్టు ఉంది ఇది. లోపలి అవసరాలకైతే సంస్థ ఐటీ విభాగమే తన ఉద్యోగులకు సర్టిఫికెట్లు జారీ చేసుకోవచ్చు. లైసెన్సు పొందిన సంస్థ ఇచ్చినదానికి ఉండే చట్టపరమైన గుర్తింపు వాటికి ఉండదు, కానీ ఏ గడి ఎప్పుడు మారిందన్న తగాదా ఇంటి గోడల మధ్యే తేలిపోతుంది.

అదీ లేని చోట పనిచేసే పిల్లలకు నేనొక చిన్న పద్ధతి చెబుతుంటాను. ఫైలును వదిలే ముందు దాని హ్యాష్ తీయండి. విండోస్‌లో పవర్‌షెల్ తెరిచి గెట్ ఫైల్ హ్యాష్ (Get-FileHash) అనే ఆదేశం ఇస్తే 64 అక్షరాల వరుస ఒకటి వస్తుంది. ఫైలును ఫోల్డరులో పెట్టి ఊరుకోకుండా, ఆ వరుసను కూడా కలిపి పై అధికారికి ఒక మెయిలు రాయండి. ఇది సంతకం కాదు, చట్టం దీన్ని సంతకంగా ఒప్పుకోదు. కానీ ఆ రోజు మీరు వదిలిన ఫైలు ఏదో, ఏది కాదో చెప్పడానికి అది చాలు. ఆ మెయిలు ఒక్కటి ఉండి ఉంటే, ఆ కుర్రాడి కంప్యూటరులోని 16 ఉన్న నకలు తర్వాత దిద్దినదేమో అన్న మాట ఎవరి నోటా వచ్చేది కాదు.

ఒక విషయంలో మాత్రం నాకు ఇంకా తృప్తి లేదు. టోకెన్ సర్టిఫికెట్ గడువు రెండేళ్లో మూడేళ్లో, నిర్మాణ వివాదాలు మధ్యవర్తి ముందుకు వెళ్లేసరికి అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. గడువు ముగిసిన సర్టిఫికెట్‌తో పడిన సంతకం గడువులోపే పడిందని నిలబెట్టాలంటే బయటి టైమ్ స్టాంపు, అంటే సంతకం పడిన సమయానికి మరో సంస్థ ఇచ్చే సాక్ష్యం, ఉండాలి. అది పెట్టించుకునే ఏర్పాటు ఎక్సెల్‌లో ఉంది, ఐటీ విభాగం పూనుకుని అమర్చాలి. ఏడాదిగా అడుగుతున్నాను, అడుగుతూనే ఉంటాను.

మా విభాగంలో ఇప్పుడు తయారు చేసేవారి పేరు మీదే నాలుగు టోకెన్లు ఉన్నాయి. గత నెల కొత్తగా చేరిన ఒక అమ్మాయి తన మొదటి బీబీఎస్ షీటు మీద సంతకం చేసి నాకు పంపింది. నేను తెరవబోయేలోపే ఫోను చేసి, "సార్, అది చూడకండి, నా సంతకం తీసేస్తున్నాను" అంది. సంతకం చేశాక మళ్లీ ఒకసారి మొత్తాన్ని చూపే గడిలోని సూత్రం చూసుకుందట. చివర చేర్చిన మూడు వరుసలు కూడికలోకి రాలేదట. అరగంట తర్వాత రెండో ఫైలు వచ్చింది. కారణం రాసే పెట్టెలో 'కూడిక పరిధి సరిచేశాను, 212 నుంచి 214 వరుసలు కలిపాను' అని రాసి, తేదీ వేసి, దాని మీద సంతకం చేసింది.